కవరు మీది ఊరు, ఫోనులో మ్యాపు

మా ఇంట్లో ఒక పాత కవరుంది. లోపల ఉత్తరం లేదు, ఉత్త కవరే. నాన్నగారి ట్రంకుపెట్టెలో, ఆయన ఫ్రెంచి బడి సర్టిఫికెట్టుతో పాటు ఓ గుడ్డలో చుట్టి ఉంటుంది. దాని మీద మా ముత్తాతగారి పేరు, కింద 'యనాఓఁ, ఫ్రెంచి ఇండియా' అని ఫ్రెంచిలో ఉంటుంది. యానాంని ఫ్రెంచివాళ్ళు అలాగే రాసేవారు. తపాలా ముద్రలో 1931 అన్న అంకె కనబడుతుంది. వెనకవైపు పంపినవాళ్ళ ఊరు. అక్కడ కాగితం చిరిగిపోయింది. మిగిలినవి రెండే మాటలు: బెల్ వ్యూ. ఆ తర్వాత ఇంకో మాట ఉండేదని కాగితం అంచున ఉన్న సిరా గీత చెబుతోంది.

ఆ ఉత్తరం రాసింది మా ముత్తాతగారి తమ్ముడు. మద్రాసులో ఓడెక్కి మారిషస్ చెరుకు తోటల్లోకి వెళ్ళాడని ఇంట్లో చెప్పుకుంటారు. మళ్ళీ రాలేదు. "ఎప్పటికైనా ఆ ఊరు చూడాలర్రా" అని నాన్నగారు పండక్కీ పబ్బానికీ అనడం, మేము "చూద్దాం లెండి" అనడం, ఇలా ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. ఆయనకి డెబ్భై ఎనిమిదో ఏడు వచ్చాక, 2019 వేసవి సెలవుల చివర్లో, అందరం కలిసి బయల్దేరాం. నాన్నగారు, మేమిద్దరం, పదో తరగతికి వచ్చిన మా అమ్మాయి.

టూరు బస్సు వద్దనుకున్నాం. బస్సులు బీచికి తీసుకెళతాయి గానీ చిరిగిన కవరు మీది ఊరికి తీసుకెళ్ళవు కదా. మారిషస్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు. ఇక్కడి రవాణా ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాం. అద్దెకారు ముందే మాట్లాడుకున్నాం. ఇక మిగిలింది దారి.

మా దగ్గర పాత గార్మిన్ నావిగేటర్ ఒకటి ఉంది. తిరుపతి, అరకు వెళ్ళినప్పుడల్లా కారు అద్దానికి అంటించేవాళ్ళం. అది ఉందిగా, ఇక దిగులెందుకు అనుకున్నాం. తీరా 'పోర్ట్ లూయీ' అని టైపు చేస్తే అలాంటి ఊరే లేదంది. అప్పుడు గానీ మాకు అసలు సంగతి తెలియలేదు. పైనుంచి వచ్చే శాటిలైటు సంకేతం వేరు, పరికరంలో ఉండే మ్యాపు వేరు. సంకేతం ప్రపంచమంతా అందుతుంది. మ్యాపు మాత్రం ఏ దేశానిది వేస్తే ఆ దేశానిదే. మా దానిలో ఉన్నది ఇండియా ఒక్కటే. మారిషస్ తీసుకెళితే మేమెక్కడున్నామో దానికి తెలుస్తుంది గానీ, చుట్టూ ఖాళీ తెర మీద ఒక బాణం గుర్తు నిలబడి ఉంటుంది, అంతే.

బయటి దేశపు మ్యాపు కొనుక్కోవచ్చు. వారం రోజుల కోసం అంత పెట్టడానికి మనసొప్పలేదు. మా అమ్మాయి ఇంకో దారి కనిపెట్టింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటుంది. 2004లో ఇంగ్లండులో మొదలైంది. ఎవరి ఊరి వీధులు వాళ్ళు గీసి పెట్టే మ్యాపు, డబ్బు కట్టక్కర్లేదు. దాన్ని గార్మిన్‌కి సరిపడేలా మార్చి ఉచితంగా ఇచ్చేవాళ్ళున్నారు. దేశాన్ని ఎంచుకుంటే ఒక ఫైలు దిగుతుంది. చిన్న మెమరీ కార్డులో 'గార్మిన్' అని ఫోల్డరు చేసి, ఆ ఫైలుని అందులో పెట్టి, కార్డుని పరికరంలో దూర్చాలి. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి ఇండియా మ్యాపుని ఆపి, కొత్తదాన్ని ఆన్ చేయాలి. ఈ చివరి మెట్టు మేము మర్చిపోయి, ఓ సాయంత్రమంతా 'రాలేదు, రాలేదు' అని తిట్టుకున్నాం.

నాన్నగారు పడకకుర్చీలోంచి ఇదంతా చూసి ఒకే ప్రశ్న వేశారు. "అవతల దేశంలో ఆ శాటిలైటుకి బిల్లెంతవుతుంది?"

బిల్లు ఉండదని చెప్పడానికి మేమే కాస్త చదువుకోవాల్సి వచ్చింది. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం 24 ఉండాలి, అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. ప్రతిదీ 'నేను ఫలానా, ఇప్పుడు టైము ఇంత' అని ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది. ఆ మాట మన దాకా రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాన్ని బట్టి ఎంత దూరంలో ఉందో మన పరికరం లెక్క కడుతుంది. నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే మనం ఎక్కడున్నామో తేలిపోతుంది. మన దగ్గర్నుంచి పైకి ఏమీ వెళ్ళదు. రేడియో వినడం లాంటిదే.

"అంటే గుళ్ళో మైకు. ఎవరు విన్నా చందా అడగరు" అన్నారు నాన్నగారు. అంతే మరి.

గార్మిన్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఫోనులో కూడా మ్యాపు దింపుకున్నాం. గూగుల్ మ్యాప్స్‌లో ఒక ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌గా దాచుకోవచ్చు. దీవి మొత్తం పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 ఉంటుందేమో, పట్టేసింది. నెట్టు లేకపోయినా కారుకి దారి చెబుతుంది. ట్రాఫిక్కు, నడకదారి మాత్రం చెప్పదు. దానికో గడువు ఉంటుంది, అది దాటితే మళ్ళీ దింపుకోవాలి.

అప్పుడే మొదటి చిక్కు వచ్చింది. వెతికే పెట్టెలో 'బెల్ వ్యూ' అని కొడితే ఒకటి కాదు, రెండు ఊళ్ళు పక్కపక్కనే వచ్చాయి. బెల్ వ్యూ ఆరెల్ ఒకటి, బెల్ వ్యూ మోరెల్ ఒకటి. రెండూ ఉత్తరాన ఉన్నవే. ఒకటి పాంప్లెమూస్ జిల్లాలో, ఒకటి రివియేర్ దు రాంపార్ జిల్లాలో. కవరు మీద చిరిగిపోయింది సరిగ్గా ఆ మూడో మాటే.

రెండింటి అక్షాంశ రేఖాంశాలూ రాసుకుని పరికరంలో ఎక్కించమని అమ్మాయికి ఇచ్చాం. ఎక్కించి తెర చూపిస్తే గుర్తు ఒమన్ తీరం దగ్గర పడి ఉంది! మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన 20 డిగ్రీల దగ్గరుంది. ముందు మైనస్ గుర్తు పెట్టకపోతే అది ఉత్తరం 20 అయిపోతుంది. ఒక చిన్న గీత మర్చిపోతే హిందూ మహాసముద్రం దాటి అరబ్బు దేశంలో తేలాం. మన దేశమంతా ఉత్తరార్ధంలోనే ఉంది కాబట్టి మనకి ఈ అలవాటు ఉండదు. దక్షిణానికి వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

విమానం దిగి కారు తీసుకున్నాక గార్మిన్ ఆన్ చేస్తే 'శాటిలైట్లు వెతుకుతున్నాను' అనడమే గానీ కదలదు. అద్దెకార్లు పైకప్పు కింద ఉన్నాయి. ఆకాశం కనబడాలి కదా అని ఆరుబయటికి తెచ్చి ఆపాం. అయినా టైము పట్టింది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చాక ఆ పరికరానికి తన ఆకాశం తనకే కొత్త. ఏ ఉపగ్రహం ఎక్కడుందన్న పట్టిక మొత్తం పైనుంచి దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుందట. ఆ సంగతి తెలియక పోగానే పాడైందేమోనని కంగారుపడ్డాం. పిల్లకి ఆకలి, మాకు చిరాకు. నాన్నగారు మాత్రం కిటికీలోంచి బోర్డులు చదువుకుంటున్నారు.

దారి దొరికింది, బయల్దేరాం. విమానాశ్రయం దీవికి ఆగ్నేయాన ఉంది, మేము దిగాల్సింది ఉత్తరాన. మధ్యలో పెద్ద రోడ్డు, ఇరువైపులా మనిషికన్నా ఎత్తున చెరుకు. యంత్రం ఇంగ్లీషు గొంతుతో ఊళ్ళ పేర్లు చదవడం మొదలెట్టింది. ఫ్రెంచి పేర్లని ఇంగ్లీషు అక్షరాల ప్రకారం చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 'కాత్ర్ బోర్న్' అన్న ఊరు 'క్వాటర్ బార్నెస్' అయింది. 'పాంప్లెమూస్' కాస్తా 'పాంపిల్ మౌసెస్' అయింది. వెనకసీటులోంచి నాన్నగారు ప్రతిదానికీ దిద్దుతున్నారు. "అది కాదర్రా, కాత్ర్ బోర్న్. నాలుగు సరిహద్దు రాళ్ళు అని."

ఆయన దిద్దేలోపు యంత్రం తర్వాతి మలుపు చెప్పేసేది, అది మాకు వినబడేది కాదు. ఒక గుండ్రటి కూడలిలో దారి తప్పాం. రెండోసారీ తప్పాం. అప్పుడు మేమన్నాం, "నాన్నగారూ, కాస్త ఊరుకోండి, అది చెబుతోంది వినాలి."

ఆయన ఊరుకున్నారు. ఆ పూటంతా మళ్ళీ మాట్లాడలేదు.

ఈ మాట ఇక్కడ రాయకుండా దాటేయొచ్చు. కానీ మనలాంటి ఇళ్ళన్నిటిలోనూ ఇది జరుగుతూనే ఉంటుంది. ఒక భాష నేర్చుకున్న పెద్దవాళ్ళుంటారు. ఆ భాషతో ఇప్పుడు పనేమీ లేదని మనం తేల్చేసి ఉంటాం. నాన్నగారు ఫ్రెంచి జెండా కింద బడికి వెళ్ళినవారు. 1954లో యానాం మన దేశంలో కలిసేనాటికి ఆయనకి పదమూడేళ్ళు. బళ్ళో చెప్పిన ఫ్రెంచి ఆయన నోట్లోంచి పోలేదు. ఇంట్లో ఎప్పుడైనా రెండు ముక్కలు అంటే మేము నవ్వేవాళ్ళం. "మీ దొరలు వెళ్ళిపోయారు నాన్నగారూ" అనేవాళ్ళం.

ఆ రాత్రి మా అమ్మాయి పరికరం తీసుకుని ఏదో నొక్కుతూ కూర్చుంది. పొద్దున్న కారెక్కగానే అది ఫ్రెంచిలో మాట్లాడింది. భాష మార్చేసింది పిల్ల. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "తాతగారూ, మీరు ముందు సీట్లో కూర్చోండి. అది చెబుతుంది, మీరు మాకు తెలుగులో చెప్పండి" అంది.

నాన్నగారు ముందుకొచ్చి కూర్చున్నారు. యంత్రం 'ఆ గోష్' అంటే "ఎడమకి తిప్పు", 'ఆ ద్రువాత్' అంటే "కుడికి". కూడలి వస్తే "గుండ్రంగా తిరిగి రెండో దారి పట్టుకో అబ్బాయ్, తొందరేం లేదు". ఫ్రెంచి గొంతు ఊళ్ళ పేర్లు కూడా సరిగ్గా పలికింది. బోర్డు మీది పేరూ చెవిన పడ్డ పేరూ ఒకటే అయ్యేసరికి ఆ రోజు దారి తప్పలేదు. పైగా దారంతా అర్థాలు. పూద్ర్ దోర్ అంటే బంగారు పొడి. త్రూ దో దూస్ అంటే మంచినీళ్ళ గుంట. పాంప్లెమూస్ అంటే ఏమిటో చెబుతూ ఆయనే నవ్వేశారు. "పంపరపనస! మన పెరట్లో కాసేదే."

ముందు బెల్ వ్యూ ఆరెల్‌కి బయల్దేరాం. పరికరంలో 'దగ్గర దారి' అని ఎంచుకున్నాం, అక్కడే పొరపాటు పడ్డాం. దగ్గర దారి అంటే దూరం తక్కువున్న దారి, మంచి దారి అని కాదు. తారు రోడ్డు వదిలించి ఒక మట్టిబాటలోకి దించింది. రెండువైపులా చెరుకు, ఆకాశం తప్ప ఇంకేమీ కనబడదు. కిలోమీటరు పోయాక అడ్డంగా గొలుసు, పక్కన బోర్డు. "షెమేఁ ప్రివే. సొంత దారి, తోటవాళ్ళది. వెనక్కి తిప్పు" అన్నారు నాన్నగారు. తిప్పడానికి చోటు లేదు. ఆ కిలోమీటరూ రివర్సులోనే వచ్చాం. మట్టిదారులు వద్దని పరికరంలో ముందే చెప్పొచ్చని ఆ తర్వాత చూశాం. చెరుకు దేశానికి వెళ్ళేవాళ్ళు మొదట నొక్కాల్సిన మీట అదే.

బాట మొదట్లో చిన్న కొట్టు. అరుగు మీద నాన్నగారి వయసాయన కూర్చుని ఉన్నారు. మేము ఫోను పట్టుకుని చూపించబోతే, నాన్నగారు దిగి వెళ్ళి ఫ్రెంచిలో పలకరించారు. అవతలాయన క్రియోల్‌లో జవాబిచ్చారు. ఒకరిది బడి ఫ్రెంచి, ఒకరిది ఇంటి క్రియోల్, మధ్యలో చేతులు. కాసేపటికి ఆయన మావైపు చూసి ఒక మాట అడిగారు. ఆ మాట మాకూ అర్థమైంది.

"కోరంగీ?"

యానాం పేరు ఆయన విన్లేదు. కోరంగి విన్నారు. పాతరోజుల్లో చాలామంది తెలుగువాళ్ళు కోరంగి రేవు నుంచే ఓడెక్కారు కాబట్టి మారిషస్‌లో తెలుగువాళ్ళకి ఆ పేరే పడింది. రేవు పూడిపోయినా, ఓడలు మద్రాసుకి మారినా, పేరు మాత్రం మనుషుల మీద ఉండిపోయింది. కోరంగి మాకు ఎంత దూరం? గోదావరి పాయ చీలేచోట మేముంటాం, ఆ పాయ పేరే కోరంగి. పిల్లలు పిక్నిక్కుకి మడ అడవుల్లోకి వెళ్ళొస్తారు. రోజూ బస్సు మీద చూసే పేరుని దాదాపు ఐదు వేల కిలోమీటర్ల అవతల ఒక ముసలాయన మమ్మల్ని పిలవడానికి వాడాడు.

నాన్నగారు "ఊఁ, కోరంగే" అన్నారు. ఆ తర్వాత కాసేపు ఏమీ అనలేదు.

ఆయనా తెలుగాయనే. తెలుగు మాట్లాడలేరు. రామభజన పాటలు మాత్రం వచ్చునట. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. మనవడు బళ్ళో తెలుగు చదువుకుంటున్నాడని పిలిచి చూపించారు. ఆ పిల్లాడు మా అమ్మాయి పేరు తెలుగులో రాసి ఇచ్చాడు, దీర్ఘం దగ్గర కాస్త తడబడి. మేము కవరు తీసి చూపించాం. ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. పాత చక్కెర మిల్లులు ఒక్కొక్కటే మూతబడుతూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతూ వచ్చాయనీ, వాటితో పాటే కూలీల క్యాంపులు కూడా చెదిరిపోయాయనీ, ఆ చిరిగిన మాట ఆరెలో మోరెలో తను చెప్పలేననీ అన్నారు.

రెండో బెల్ వ్యూకి కూడా వెళ్ళాం. రెండు ఊళ్ళ మధ్య దూరం మా యానాం–కాకినాడ దూరమంత కూడా ఉండదు. అక్కడా చెరుకే, అక్కడా ఇళ్ళే. ఏది మాదో తేలలేదు. బెల్ వ్యూ అంటే 'చక్కగా కనబడే చోటు' అని నాన్నగారు చెప్పారు. రెండు చోట్లా కారు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశారు. "ఏదైతేనేం, రెండూ చూశాను" అన్నారు.

మనలో ఇలాంటి కవర్లు, ఇలాంటి పేర్లు ఇంట్లో ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు. అందుకని మేము చేసిన తప్పు ఒకటి చెబుతున్నాం. మేము మ్యాపులు సర్దుకోవడానికి నెల రోజులు పెట్టాం, కాగితాలు సర్దుకోవడానికి ఒక్కరోజు కూడా పెట్టలేదు. 1834 నుంచి మారిషస్ వెళ్ళిన కూలీల రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మనిషి నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ అన్నీ అందులో రాసుకున్నారు. అటువైపు వెళ్ళేవాళ్ళు ఇంట్లో పెద్దల్ని కూర్చోబెట్టి తండ్రి పేరు, ఊరి పేరు, ఇంచుమించుగా ఏ ఏడో అడిగి ముందే రాసుకోండి. ఇంటిపేరు రాసుకున్నవాళ్ళ చెవికి ఎలా వినబడిందో అలా రాసి ఉంటారు కాబట్టి నాలుగైదు రకాలుగా రాసి పెట్టుకోండి. పోర్ట్ లూయీలో కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ మెట్లు కూడా చూడండి. మేము మెట్లు చూశాం గానీ, రిజిస్టర్ల దాకా వెళ్ళేసరికి మా వారం అయిపోయింది. ఈసారి ముందు మోకాకే.

తిరిగొచ్చాక గార్మిన్‌లో మళ్ళీ ఇండియా మ్యాపు పెట్టుకున్నాం. భాష మాత్రం మార్చనివ్వలేదు మా అమ్మాయి. కాకినాడ వెళ్ళినా అది ఫ్రెంచిలోనే చెబుతుంది, తాతగారు తెలుగులో చెబుతారు. దారి మా అందరికీ తెలిసిందే అయినా.

ఇంకో పని కూడా చేశారు తాతా మనవరాలూ. ఆ ఉచిత మ్యాపులో ఏ ఊరికైనా ఏ భాషలోనైనా పేరు చేర్చొచ్చు, తెలుగుకి కూడా ఒక గడి ఉంది. మేము వెళ్ళిన చోట్ల అది ఖాళీగానే ఉంది. ఆదివారాలు ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చుంటారు. ఆయన పలుకుతారు, అది రాస్తుంది. పాంప్లెమూస్ అయింది, పూద్ర్ దోర్ అయింది. రెండు బెల్ వ్యూలూ చివరికి మిగిలాయి. మోరెల్‌లో 'ల్' వినబడాలా వద్దా అని ఆ రోజు భోజనాల వేళ దాకా వాదించుకున్నారు. నాన్నగారు చెప్పినట్టే రాసింది. ఆయన చెబుతుంటే ఈసారి ఎవరూ ఊరుకోమనలేదు.